అంగస్తంభన సమస్య: మాత్ర కంటే ముందు పరీక్ష

(షుగర్ వ్యాధి అవగాహన సభలో ఒక యూరాలజిస్ట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

షుగర్ వల్ల కళ్లు ఎలా దెబ్బతింటాయో, కిడ్నీలు ఎలా పాడవుతాయో, కాలికి పుండు పడితే ఎందుకు మానదో పొద్దుటి నుంచి డాక్టర్లు చక్కగా చెప్పారు. మైకు ముందు ఎవరూ ఎత్తని విషయం ఒకటి మిగిలిపోయింది. అది అంగస్తంభన సమస్య. షుగర్ లేనివాళ్లతో పోలిస్తే షుగర్ ఉన్న మగవాళ్లకు ఇది వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు. పైగా మిగతావాళ్ల కంటే పది పదిహేనేళ్ల ముందే వస్తుంది. కన్ను మసకబారితే వారం తిరక్కుండా డాక్టర్ దగ్గరికి వచ్చే మనిషి, దీన్ని మాత్రం రెండేళ్లు, మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకుంటాడు.

ఆడవాళ్లను కాసేపు బయట కూర్చోమందామా అని నిర్వాహకులు అడిగారు. వద్దన్నాను. భర్త దగ్గరికి రావడం మానేస్తే, తన మీద ఇష్టం పోయిందని, ఇంకెవరో ఉన్నారని లోలోపల కుమిలిపోయే భార్యలను చూస్తుంటాను. అసలు కారణం తెలిసిన రోజు వాళ్ల మొహంలో కోపం కంటే ఊరటే ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి ఉండండమ్మా, వినండి.

ముందు ఒక భయం తీసేద్దాం. దూర ప్రయాణం చేసి వచ్చిన రాత్రి, జ్వరం తగ్గిన మర్నాడు, మద్యం ఎక్కువైన రోజు, ఆఫీసు టెన్షన్ తలలో తిరుగుతున్నప్పుడు అంగం గట్టిపడకపోవచ్చు. ఏ మగవాడికైనా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే ఇది. గట్టిపడకపోవడం గానీ, గట్టిపడినా కలయిక పూర్తయ్యేదాకా నిలవకపోవడం గానీ మూడు నెలలుగా జరుగుతుంటే అప్పుడు దాన్ని సమస్యగా తీసుకుంటాం. కోరిక తగ్గడం వేరు. శీఘ్రస్ఖలనం వేరు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మూడింటినీ కలిపి "నరాల బలహీనత సార్" అని ఊరుకుంటారు. మూడింటికీ కారణాలు వేరు, వైద్యం వేరు. ఏం జరుగుతోందో విడమరిచి చెబితే మీ డాక్టర్ పని సగం తేలికవుతుంది.

మీరు ఒంటరివాళ్లు కూడా కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. అందులో 52 శాతం మందికి ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉందని తేలింది. అంటే సగానికి పైన.

ఇక ఇది ఎందుకు వస్తుందో చూద్దాం. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నరాలు కబురు తెస్తాయి. ఆ నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాంతో అంగం లోపలి కండరాలు వదులై, ధమనులు వెడల్పై, రక్తం వేగంగా వచ్చి నిండుతుంది. ఆ ఒత్తిడికి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు నొక్కుకుపోతాయి. వచ్చిన రక్తం లోపలే ఆగుతుంది. స్తంభన అంటే ఇంతే. రక్తనాళాలను వదులు చేసేది ఈ వాయువేనని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, ఇవన్నీ దెబ్బతీసేది ఈ వాయువును తయారుచేసే రక్తనాళాల లోపలి పొరనే. షుగర్ అయితే నరాలను కూడా దెబ్బతీస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు రెండు వైపులా నష్టం.

ఇప్పుడు చెప్పేది కాస్త శ్రద్ధగా వినండి, నేను ఇక్కడికి వచ్చింది ప్రధానంగా దీని కోసమే. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం ఇచ్చే ధమనులు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటాయి. తోటలో డ్రిప్ వేసిన రైతులు ఇక్కడ ఉంటే వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ముందు పూడుకుపోయేది సన్న పైపుల రంధ్రాలే, మెయిన్ పైపు చాలా రోజులు బాగానే కనిపిస్తుంది. ఒంట్లోనూ అంతే జరుగుతుంది. కొవ్వు పేరుకోవడం ఒళ్లంతా ఒకేసారి మొదలైనా, సన్నటి నాళం ముందు బయటపడుతుంది. గుండెజబ్బు వచ్చిన చాలామంది మగవాళ్లను వెనక్కి వెళ్లి అడిగితే, ఛాతీ నొప్పికి రెండు మూడేళ్ల ముందు, కొందరిలో అయిదేళ్ల ముందే, అంగస్తంభన తగ్గిందని చెబుతారు.

అంటే గుండెపోటును ఆపుకోవడానికి దొరికిన గడువు అది. ఆ గడువులో మన వాళ్లు ఏం చేస్తున్నారు? మెడికల్ షాపుకు వెళ్లి, పక్కన ఎవరూ లేనప్పుడు చిన్న గొంతుతో మాత్ర అడిగి తెచ్చుకుంటున్నారు. మాత్ర పనిచేస్తుంది. పనిచేయడం వల్లే అసలు జబ్బు కనపడకుండా పోతుంది. 45 ఏళ్ల మనిషి ఏడాది పాటు అలా మాత్రలతో నెట్టుకొచ్చి, ఒకరోజు అవి పనిచేయడం మానేస్తే అప్పుడు మా దగ్గరికి వస్తాడు. అప్పటిదాకా అతనికి షుగర్ పరీక్ష కూడా ఎవరూ చేసి ఉండరు. చేస్తే 300 ఉంటుంది. నాకు నిద్ర పట్టనివ్వని కేసులు ఇలాంటివే. ఆ ఏడాది కాలంలో అతని కళ్లు, కిడ్నీలు, గుండె ఎంత దెబ్బతిన్నాయో! అందుకే మాత్ర రాయడానికి ముందు పరీక్ష అంటున్నాను.

పరీక్ష అనగానే మెషీన్లు అనుకుంటారు. ఇందులో పెద్ద పరీక్ష మాట్లాడటమే. ఎప్పటి నుంచి? ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందా? తెల్లవారుజామున నిద్ర లేచేసరికి గట్టిపడి ఉంటోందా? ఈ చివరి ప్రశ్నకు చాలామంది సిగ్గుపడతారు గానీ, నాకు అన్నిటికంటే ఎక్కువ సంగతులు చెప్పేది అదే. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి అయిదు సార్లు స్తంభన జరుగుతుంది. అతనికి తెలియను కూడా తెలియదు. పొద్దున లేచేసరికి బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే రావడం లేదంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టు. చిక్కు మనసులో ఉంది. ఉదయం కూడా నెలల తరబడి లేకుండా పోతే శరీరంలో కారణం వెతకాలి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. రక్తనాళాలతో మొదలై, రెండుసార్లు విఫలమయ్యాక భయం కూడా తోడవుతుంది.

అయిదు ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, ప్రపంచమంతా వాడతారు. మొత్తం 25 మార్కులు. 21 లేదా అంతకంటే తక్కువ వస్తే సమస్య ఉన్నట్టు, 7 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రంగా ఉన్నట్టు. వైద్యం మొదలుపెట్టాక మెరుగైందో లేదో చూడటానికి కూడా అదే కాగితం పనికొస్తుంది.

డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు మీరు వాడే మందులన్నీ ఒక కవర్లో వేసి తెచ్చుకోండి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే కొన్ని బీపీ మాత్రలు, గుండెకు, బీపీకి వాడే పాత రకం బీటా బ్లాకర్లు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, ప్రోస్టేట్‌కు ఇచ్చే ఫినాస్టెరైడ్, ఇవి కూడా స్తంభనను తగ్గించగలవు. ఈ మాట విని రేపే బీపీ మాత్ర ఆపేయకండి దయచేసి. బీపీ పెరిగితే ఆ నాళాలే ఇంకా పాడవుతాయి. చాలా మందులకు బదులు వేరేవి ఉన్నాయి. మార్చాల్సింది డాక్టర్.

తర్వాత బీపీ చూస్తాం, నడుం చుట్టుకొలత చూస్తాం, వృషణాల సైజు, అంగంలో గట్టి పొర ఏదైనా ఏర్పడి వంకర వచ్చిందా అని చూస్తాం. రక్తంలో పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్. టెస్టోస్టెరాన్ పరీక్షకు రక్తం ఉదయం పూటే ఇవ్వాలి, ఏడు నుంచి పదకొండు మధ్య. సాయంత్రానికి అది సహజంగానే తగ్గుతుంది. సాయంత్రం ఇచ్చిన రిపోర్టు చూసి కంగారుపడి హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఉదయమే ఇచ్చినా తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేసి చూడాలి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపు రెండుసార్లు వచ్చి, కోరిక తగ్గడం, నీరసం లాంటి లక్షణాలు కూడా ఉంటేనే దాన్ని లోపం అనాలి.

అంగానికి ఇంజెక్షన్ ఇచ్చి రక్తప్రవాహం కొలిచే డాప్లర్ స్కాన్ అందరికీ అవసరం లేదు. చిన్న వయసులో కటి భాగానికి దెబ్బ తగిలినవాళ్లకు, మాత్రలు అసలు పనిచేయనివాళ్లకు, ఆపరేషన్ గురించి ఆలోచించాల్సినప్పుడు చేస్తాం. మొదటిరోజే అది రాస్తే, ఎందుకు అని అడిగే హక్కు మీకుంది.

కొత్తగా పెళ్లయిన కుర్రాళ్ల గురించి విడిగా చెప్పాలి. వీళ్లకు షుగర్ లేదు, కొలెస్ట్రాల్ లేదు. నాలుగు రోజులు పెళ్లి పనులు, నిద్ర లేదు, ఒకరికొకరు సరిగ్గా పరిచయం కూడా లేదు. పంతులు పెట్టిన ముహూర్తానికి శోభనం. తలుపు బయట రెండు కుటుంబాల చుట్టాలు. పొద్దున్నే ఆరా తీయడానికి సిద్ధంగా ఒక మేనత్తో, వదినో. ఆ ఒత్తిడిలో ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, స్తంభనకు కావాల్సింది వాటి వదులుదనం. మొదటి రాత్రి జరగదు. రెండో రాత్రి జరుగుతుందో లేదో అన్న భయంతోనే గదిలోకి వెళ్తాడు. ఆ భయం వల్లే మళ్లీ జరగదు. వారానికి అత్తగారింట్లో మాట మొదలవుతుంది, నెలకు పెద్దమనుషులు కూర్చుంటారు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, భర్త నపుంసకత్వం వల్ల కాపురం జరగలేదని పెళ్లి రద్దు చేయమని కోర్టుకు వెళ్లిన జంటలు ఉన్నాయి. వాళ్లలో కొందరైనా ముందు ఒక మంచి డాక్టర్‌ను కలిసి ఉంటే కోర్టు గుమ్మం ఎక్కేవాళ్లు కాదని నా నమ్మకం.

ఇలాంటి జంటలకు కొన్ని వారాలు కలయిక ప్రయత్నమే వద్దంటాం. దగ్గరగా పడుకోండి, మాట్లాడుకోండి, ఒకరినొకరు తాకండి, అక్కడితో ఆగండి అంటాం. పరీక్ష పెట్టేవాళ్లు ఎవరూ లేరని తెలిశాక శరీరం దానంతట అదే తేరుకుంటుంది. అవసరమైతే కొద్దికాలం మాత్ర ఇస్తాం, నమ్మకం రావడానికి. పెద్దవాళ్లకు నా విన్నపం ఒక్కటే. శోభనం తెల్లారి ప్రశ్నలు అడగడం మానేయండి. వాళ్లను వదిలేయండి.

హస్తప్రయోగం చేశాను, అందుకే ఇలా అయింది అని చెప్పే కుర్రాళ్లు వస్తూనే ఉంటారు. రక్తం నుంచి వీర్యం తయారవుతుందని, అది పోతే బలం పోతుందని మన దేశంలో తరతరాల నమ్మకం. ఈ భయంతో నీరసించి, దిగులుపడి వచ్చేవాళ్లను చూసి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, అంగం చిన్నది కాదు. ఆ అపరాధ భావమే మనిషిని తినేస్తుంది.

ఈ భయాన్ని పెట్టుబడిగా పెట్టుకున్నవాళ్లు బస్టాండు గోడల మీద, ఫోన్లో వచ్చే ప్రకటనల్లో ఉన్నారు. లైంగిక శక్తిని పెంచుతామని, నపుంసకత్వాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడం 1954 నుంచీ ఈ దేశంలో చట్టవిరుద్ధం. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని దాని పేరు. మూలికల మందు అని చెప్పి అమ్మే పొట్లాల్లో సిల్డెనాఫిల్ పొడి కలిపి ఉండటం చాలా దేశాల్లో ల్యాబుల్లో పట్టుబడింది. తిన్నవాడికి తెలియదు తను ఏం తింటున్నాడో. గుండెకు మందులు వాడే మనిషి అది తింటే ప్రాణం మీదికి వస్తుంది. ఎలాగో చెబుతాను.

సిల్డెనాఫిల్ అంటే మీరు వయాగ్రా పేరుతో విన్నదే. ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్ అనే ఊళ్లో ఫైజర్ కంపెనీ పరిశోధకులు గుండెనొప్పికి మందుగా దాన్ని పరీక్షించారు. గుండెకు పెద్దగా పనిచేయలేదు గానీ, పరీక్షలో పాల్గొన్న మగవాళ్లు వేరే మార్పు చెప్పారు. 1998 మార్చిలో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. ఇది కోరికను పుట్టించదు. కోరిక వల్ల మొదలైన పని మధ్యలో ఆగిపోకుండా చూస్తుంది, అంతే. మాత్ర మింగి టీవీ చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు. సిల్డెనాఫిల్ గంట ముందు, వీలైనంత ఖాళీ కడుపున వేసుకోవాలి. బిర్యానీ తిని వేసుకుని పనిచేయలేదంటే తప్పు మాత్రది కాదు, నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం దాన్ని ఆలస్యం చేస్తుంది. టడలాఫిల్ అనేదానికి భోజనంతో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. చిన్న డోసు రోజూ వేసుకునే పద్ధతి కూడా ఉంది. తలనొప్పి, మొహం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, గుండెల్లో మంట, నడుం నొప్పి కొందరికి వస్తాయి, పోతాయి. ఒక్కసారి వేసుకుని పనిచేయలేదని వదిలేయకండి. సరైన డోసులో, సరైన పద్ధతిలో ఆరేడు సార్లు చూశాకే తేల్చాలి.

ఇక ప్రమాదం. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఇక్కడ చాలామందికి తెలుసు. అది నైట్రేట్ మందు. నైట్రేట్లు, ఈ మాత్రలు కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కుప్పకూలిపోవచ్చు. నైట్రేట్ మందు గానీ, గుండెనొప్పికే ఇచ్చే నికోరాండిల్ గానీ వాడేవాళ్లు ఈ మాత్రల జోలికి వెళ్లకూడదు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటల్లోపు, టడలాఫిల్ వేసుకున్నాక 48 గంటల్లోపు ఛాతీ నొప్పి వచ్చి ఆస్పత్రికి వెళ్తే, సిగ్గు పక్కనపెట్టి ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. ఆ రాత్రి భార్యకు తెలిసి ఉంటే ఆమైనా చెబుతుంది. చాటుగా వాడొద్దనేది ఇందుకే. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ లాంటివి వాడేవాళ్లకు కూడా కళ్లు తిరగవచ్చు, తక్కువ డోసుతో మొదలుపెడతాం.

మాత్రతో పాటు, వీలైతే మాత్రకు ముందే, సిగరెట్, ఖైనీ, గుట్కా మానాలి. బరువు తగ్గాలి, నడవాలి. మొక్కుబడిగా చెప్పే మాట అనుకోకండి. ఇటలీలో లావుగా ఉండి ఈ సమస్య ఉన్న 110 మంది మగవాళ్లను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఆహారం, వ్యాయామం మీద గట్టిగా శిక్షణ ఇచ్చారు. 2004లో ఆ ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల తర్వాత ఆ భాగంలో దాదాపు మూడో వంతు మందికి స్తంభన మామూలు స్థాయికి వచ్చింది. మందు లేకుండానే!

మాత్రలు పనిచేయనివాళ్లకు దారులు మూసుకుపోలేదు. గాలి లాగే వ్యాక్యూమ్ పరికరం ఉంది. అంగంలోకి సన్నటి సూదితో తీసుకునే ఇంజెక్షన్ ఉంది. 1983లో లాస్ వేగస్‌లో జరిగిన యూరాలజిస్టుల సభలో గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తన మీదే ఆ ఇంజెక్షన్ ప్రయోగించుకుని సభకు చూపించాడు. అప్పటిదాకా ఇదంతా మానసికమే అనుకున్న వైద్యులు ఆలోచన మార్చుకున్నారు. ఎంత ధైర్యం ఉండాలి ఆ మనిషికి! ఇంజెక్షన్ తీసుకున్నాక స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, లేకపోతే లోపలి కణజాలం శాశ్వతంగా పాడవుతుంది. ఇవేవీ కుదరనివాళ్లకు ఆపరేషన్ చేసి అంగం లోపల, అది గట్టిగా నిలవడానికి ఇంప్లాంట్ అనే పరికరం పెడతాం. విదేశీ ఇంప్లాంట్లు ఖరీదు. మన దేశంలోనే ముంబైలో మగవాళ్ల లైంగిక సమస్యలకు వైద్యం చేసే ఆండ్రాలజిస్ట్ డాక్టర్ రూపిన్ షా రూపొందించిన ఇంప్లాంట్ తక్కువ ధరకు దొరుకుతుంది.

షాక్‌వేవ్ చికిత్సలు, మీ రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లను ఎక్కించడం ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. వీటి ప్యాకేజీలకు అప్పు చేసి డబ్బు కట్టొద్దు.

కొన్ని చీటీలు వచ్చాయి, చూస్తాను.

"మాత్ర అలవాటైపోతుందా?" ఒంటికి అలవాటు కాదు. మానేస్తే ముందున్న దానికంటే దిగజారదు. మాత్ర లేకుండా కుదరదేమోనన్న భయం కుర్రాళ్లకు అలవాటవుతుంది, అందుకే వాళ్లకు కొద్దికాలమే ఇస్తాం.

"స్టెంట్ వేశారు. కాపురం చేయొచ్చా?" రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కినా ఛాతీ నొప్పి, ఆయాసం రాకపోతే చాలావరకు చేయొచ్చు. మీ గుండె డాక్టర్‌ను ఒక మాట అడగండి. ఆయన రాసిన మందుల్లో నైట్రేట్ ఉందేమో కూడా అప్పుడే అడగండి.

"జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. పిల్లలు ఇంకా లేరు." వద్దు బాబూ. బయటి నుంచి హార్మోన్ ఇస్తే వృషణాలు తమ పని ఆపేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకు అది అసలు ఇవ్వకూడదు.

ఇది ఒక అమ్మ రాసినట్టుంది. "మా ఆయనకు షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. ఈ సంగతి ఎత్తితే అరుస్తారు. నేనొక్కదాన్నే వచ్చి మీతో మాట్లాడొచ్చా?" తప్పకుండా రండమ్మా. వచ్చేటప్పుడు ఆయన షుగర్ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తీసుకురండి. గుండె పరీక్ష చేయించాలి, ఏడాదికోసారి షుగర్ ఉన్నవాళ్లకు చేసేదే అని చెప్పి ఆయన్ను ఆస్పత్రికి తీసుకురండి. అది అబద్ధం కాదు, నిజంగా చేయించాల్సిందే. మిగతా మాట నేను తలుపు వేసి ఆయనతో మాట్లాడతాను.